‘బోల్తా’ అని రాయనందుకు

ఆ రోజుల్లో మా జమ్మలమడుగు వైపు మనుషులు పేపరును రెండుసార్లు చదివేవాళ్ళు. మొదటిసారి ఏమి రాశారో తెలుసుకోవడానికి, రెండోసారి ఎవరిని అన్నారో తెలుసుకోవడానికి. ఆ రెండో చదువు సంగతి నాకెవరూ చెప్పలేదు (చెప్పే ఉంటారు, నేను వినే వయసులో లేను). అందువల్లే ఒక ఆషాఢ మాసపు పొద్దున మైలవరం జలాశయం ఒడ్డున, నాకు ఎనిమిదో తరగతి నుంచి లెక్కలు నేర్పిన సారు, నాలుగేళ్ళ పాటు సొంత చేతులతో కట్టుకున్న తెరచాప పడవను, అది ఒక్క పందెంలో కూడా దిగకముందే రంపంతో రెండుగా కోస్తుంటే నేను చూస్తూ నిలబడవలసి వచ్చింది. ఒడ్డున రెండు జీపులున్నాయి. ఒక్కో జీపు చుట్టూ నలభై యాభై మంది ఉన్నారు. రంపం చప్పుడు అవతలి గట్టుకు తగిలి తిరిగి వస్తోంది. కోయమని సారును ఎవరూ బలవంతం చేయలేదు. అయినా కోయక తప్పని పరిస్థితి కల్పించినవాణ్ణి నేను. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, నేను రాసిన ఒక క్రియాపదం.

సారుది పులివెందుల వైపు క్రైస్తవ మిషన్ కుటుంబం. పడుచుతనంలో నౌకాదళంలో చేరి, విశాఖపట్నంలో ఏడేళ్ళు ఉండి వచ్చి, ఆ తర్వాత మా ఊళ్ళో బడిపంతులుగా స్థిరపడ్డాడు. సముద్రం ఆయన్ను వదిలినా ఆయన సముద్రాన్ని వదల్లేదు. బోర్డు మీద త్రికోణం గీస్తే అది తెరచాపలాగే ఉండేది, దాని కింద ఒక పడవ గీసేదాకా ఆయన చెయ్యి ఊరుకునేది కాదు. (మా తరగతిలో సగం మందికి పైథాగరస్ ఒక జాలరి అని చాలాకాలం నమ్మకం.) రిటైరయ్యాక సైకిలెక్కి రోజూ మధ్యాహ్నం బండ్ల మామ కొట్టానికి వెళ్ళేవాడు. బండ్ల మామ అంటే తాలూకా అంతటికీ ఎద్దులబండ్లు చేసిపెట్టిన వడ్రంగి. ట్రాక్టర్లు వచ్చాక ఆయనకు పని తగ్గింది, మాట పెరిగింది. ఒకరికి తీరిక, ఇంకొకరికి కొయ్య ఉన్నాయి. మధ్యలో మైలవరం నీళ్ళున్నాయి. పడవలు పుట్టడానికి అంతకంటే ఏమి కావాలి?

అయితే ఇద్దరూ కలిసి ఒక పడవ చేయలేదు. చెరొకటి మొదలుపెట్టారు. పడవలో నీళ్ళ మీద ఆనే భాగాన్ని వాళ్ళు పొట్ట అనేవాళ్ళు. సారుది జంట పొట్టల పడవ: సన్నని పొడుగాటి పొట్టలు రెండు, వాటిని ఎడంగా నిలిపి పట్టుకునే అడ్డదూలాలు రెండు, మధ్యలో తెరచాప. మామది ఒంటి పొట్ట: లావుపాటిది, ఒరిగినా మళ్ళీ నిటారుగా లేవడానికి అడుగున పాత బండి ఇరుసుల ఇనుము బిగించినది. నాకు అప్పట్లోనే వింతగా తోచిందేమంటే, జీవితమంతా రెండు చక్రాల బండ్లు చేసిన మామ ఒంటి పొట్ట పట్టుకున్నాడు, సైకిలు దిగి ఎరగని సారు జంట పొట్టలు పట్టుకున్నాడు. బహుశా ఎవరి వాహనం లోపాలు వాళ్ళకే బాగా తెలుసునేమో.

"నువ్వు బండి తోలినోడివి గాదు సారూ, అందుకే అట్లంటాండావు," అనేవాడు మామ, ఉలి పక్కన పెట్టి. "కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడినోడు పడడు, నిజమే. పడినాడంటే మాత్రం వాణ్ణి లేపనీక నలుగురు గావల్ల. నా పడవ జూడు. ఒరుగుతాది, ఒరుగుతాది, మళ్ళ లేచి కూచుంటాది, కల్లు తాగినోని మాదిరి."

"తాగినోడు పరుగు పందెంలో గెల్చింది యాడన్నా చూసినావా మామా?" అనేవాడు సారు. "నువ్వు కింద గట్టిన ఇనుమును గూడా గాలే ఈడ్సాల గదా. పైగా నీ పొట్ట లావు. పోతాంటే ముందర అదే ఒక అల లేపుతాది, ఆ అలను అది దాటలేదు. ఎంత గాలొచ్చినా దాని ఎనకాల్నే ఉండిపోతాది. నా పొట్టలు సన్నం. దోసకాయను కత్తి కోసినట్ల పోతాయి. దుమ్ము రేగే గాలొస్తే గాలివైపు పొట్ట నీళ్ళలోంచి లేస్తాది గూడా. అప్పుడు ఒగటే పొట్ట మీద పరుగు!"

"లేస్తే?"

"లేస్తే ఇంగా వేగం."

"ఇంగా లేస్తే?"

సారు కాసేపు కళ్ళజోడు తుడుచుకునేవాడు. "ఇంగా లేస్తే బోల్తా. అప్పుడు తలకిందులుగానే తేల్తా ఉంటాది. నీదాని మాదిరి లేవదు. అది ఒప్పుకుంటా."

ఈ వాదం ఏళ్ళ తరబడి సాగింది. తేల్చడానికి ఒకటే దారి ఉంది, రెంటినీ ఒకే గాలిలో వదిలి ఎవరు ముందు అవతలి గట్టు తాకుతారో చూడటం. సారు ఆరోగ్యం అప్పటికే అంతంతమాత్రం. "ఈ లెక్క ఒగటి చేసి పోవల్లరా," అన్నాడు నాతో ఒకసారి. మిగిలిన లెక్కలన్నీ పుస్తకం వెనక జవాబులున్నవేనట, దీనికి మాత్రం లేదట.

తెరచాప గుడ్డ కోసం ప్రొద్దుటూరుకు సారుతో పాటు నేనూ వెళ్ళాను. బట్టల అంగడి శెట్టిగారు తానులకు తానులు తెల్లగుడ్డ కొలుస్తూ కొలుస్తూ ఆగి, ఇటూ అటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఎంతమంది పోయినారు సార్? మాకు మాట మాత్రం తెలీనే లేదే."

"ఎవురూ పోలేదప్పా. పడవకు."

"అయ్యో, పడవలో పోయినారా!" అన్నాడు శెట్టిగారు. మేము ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు. పాపం, పొట్లం కట్టి ఇచ్చేటప్పుడు సారు చేతులు పట్టుకుని ధైర్యం చెప్పాడు. తెల్లగుడ్డ ఎక్కువగా కొంటే ఎన్ని శవాలు లేచాయని అడిగే కాలమది. ఇది చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు.

మా తాలూకాలో అప్పుడు ఇద్దరు పెద్దలుండేవారు. ఒకరిని ఎగువూరాయన అనీ, ఇంకొకరిని దిగువూరాయన అనీ అందాం. వాళ్ళిద్దరి మధ్యా తండ్రుల నాటి కక్ష. రెండు ఊళ్ళలోనూ ఆ కక్ష తాకని ఇల్లు లేదు. అయితే ఆ ఏడాది రాబోయే ఎన్నికలకు ఇద్దరి పార్టీలూ పైన ఎక్కడో పొత్తు కుదుర్చుకున్నాయి. దాంతో వీళ్ళిద్దరూ కింద ఒకే జీపులో నిలబడి దండాలు పెట్టవలసి వచ్చింది. జనం ఆ జీపుకు ‘జంట’ అని పేరు పెట్టారు. "జంట వస్తాంది, పక్కకు రాండప్పా" అని నవ్వుకునేవాళ్ళు. నవ్వుకున్నా అందరికీ ఊపిరి తిరిగిందన్నది నిజం. చాలా ఏళ్ళ తర్వాత మా బస్టాండు టీ అంగట్లో మనుషులు వెనక నుంచి దెబ్బ పడుతుందన్న భయం లేక, వీపు గోడకు ఆనించకుండా కూర్చోవడం నేను ఆ రెండు మూడు నెలల్లోనే చూశాను.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. ఒక దినపత్రికకు జమ్మలమడుగు విలేకరిని. రాసిన కాగితాలు కవర్లో పెట్టి బస్సు కండక్టరు చేతికిస్తే ప్రొద్దుటూరు మీదుగా కడప డెస్కుకు చేరేవి. అప్పటికి నేను రాసినవన్నీ బోల్తాలే. లారీ బోల్తా, ట్రాక్టర్ బోల్తా, పెళ్ళిబృందం జీపు బోల్తా. ఆ మాట రాసి రాసి నాకు దాని మీద ఏవగింపు పుట్టింది. ఇంతలో ఆదివారం పేజీకి పడవల మీద వ్యాసం రాయమన్నారు. నా పేరుతో అచ్చయ్యే మొదటి వ్యాసం! ఒంటి పొట్టకూ జంట పొట్టకూ తేడాలు, మామ మాటలు, సారు మాటలు, వచ్చే ఆదివారం పందెం, అన్నీ వివరంగా రాశాను. చివరి పేరాకు వచ్చేసరికి సారు చెప్పిన ‘బోల్తా’ అడ్డుపడింది. ఛీ, ఇది లారీల మాట, తెరచాపకు తగదు అనుకున్నాను. కలం నమిలి, ఆకాశం చూసి, ఇలా రాశాను: ‘ఒంటి పడవ ఒరిగినా లేస్తుంది, జంట పడవ తిరగబడితే ఇక లేవదు.’ ఎంత బాగుందో అని నాకు నేనే పైకి చదువుకున్నాను కూడా.

డెస్కులో ఎవరికో ఆ వాక్యం నాకంటే ఎక్కువ నచ్చింది. దాన్నే శీర్షిక చేశారు. అంతా పెడితే మూడు కాలమ్‌లలో పట్టదు కాబట్టి మొదటి సగమూ, ‘పడవ’ అన్న మాటా తీసేశారు. ఆదివారం పొద్దున పేపరు విప్పితే పెద్ద అక్షరాల్లో, నా పేరు నెత్తిన, ఇలా ఉంది: ‘జంట తిరగబడితే ఇక లేవదు!’

నేను పేపర్లు ఆరు కొన్నాను. ఏడోది కొందామని వెళితే అయిపోయాయన్నారు. నా వ్యాసం ఇంత మంది చదువుతున్నారా అని పొంగిపోయాను. ఆ పొంగు బండ్ల మామ కొట్టం చేరేదాకా ఉంది.

"అల్లుడా, ఏం పని చేసినావురా? తిరగబడేది ఎవురు? ఎవురి మింద?"

"పడవ మామా. నీళ్ళ మీద."

"నీకు దెలుసు, నాకు దెలుసు. ఆడ ఎగువూర్లో దిగువూరాయన తిరగబడతాడంట అనుకుంటాండారు. దిగువూర్లో ఎగువూరాయన తిరగబడతాడంట అనుకుంటాండారు. తిరగబడితే ఇంగ లేవడంట, ఎవురో పేపర్లో ఏపిచ్చినారంట! ఒగ ముక్క రాసి రెండూర్లు లేపినావు గదరా."

మధ్యాహ్నానికి ఎగువూరు నుంచి కబురు వచ్చింది. ఎగువూరాయన చాలా మర్యాదస్తుడు. ఆయన మర్యాదగా ఉన్నప్పుడే జాగ్రత్తపడాలని అందరూ అనేవాళ్ళు. "రాప్పా, కూచో. కాఫీ తాగు," అన్నాడు. నేను సగం తాగాక, "ఎవురు రాయమన్యారు?" అని అడిగాడు. ఎవరూ రాయమనలేదన్నా, ఇది పడవల సంగతి అని, పక్కన గంపలో ఉన్న అరటికాయలు రెండు తీసి, నేల మీద ఎడంగా పెట్టి, వాటి మీద రెండు చీపురుపుల్లలు అడ్డంగా వేసి, జంట పొట్టల పడవ అంటే ఏమిటో నాకు తెలిసినంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. బడిలో నేనెప్పుడూ అంత శ్రద్ధగా వినలేదు.

"బాగా చెప్పినావు. ఈ రెండు కాయల్లో నేను యాదప్పా?"

"అన్నా, ఇది పడవ..."

"సరే, పడవే. గాలొస్తే రెండూ సమంగా ఉంటాయా?"

అబద్ధం చెప్పడానికి అదే మంచి సమయం. నేనేమో సరిగ్గా అక్కడ నిజం చెప్పాను. "లేదన్నా. గాలి వైపు ఉండేది పైకి లేస్తుంది. రెండోది నీళ్ళలోకి దిగుతుంది."

గదిలో ఉన్నవాళ్ళందరూ అరటికాయల వైపు చూశారు. "లేచేది యాది?" అన్నాడాయన. నేను గుమ్మం వైపు చూశాను. గుమ్మంలో ఇద్దరు నిలబడి ఉన్నారు. "మీదేనన్నా," అన్నాను.

సాయంత్రం లోపే దిగువూరు నుంచి కూడా కబురు వచ్చింది. అక్కడ అరటికాయలు లేవు, సొరకాయలు దొరికాయి. మిగతాదంతా అదే. "లేచేది యాదప్పా?" "మీదేనన్నా." నా వృత్తి జీవితంలో ఇరువర్గాలకూ సమానంగా చోటిచ్చిన మొదటి సందర్భం అదే.

మర్నాడు సారు సైకిలు మీద బస్టాండుకు వచ్చాడు. కోపంగా లేడు. "ఏరా, నేను చెప్పింది బోల్తా గదా?" అన్నాడు.

"అవును సార్."

"లెక్కలో తప్పొస్తే ఏం జేస్తాం? కొట్టేసి పక్కన రాస్తాం. అంతే గదా. రెండు లైన్లు రాసి పంపు. ‘జంట తిరగబడితే’ అన్నచోట ‘జంట పడవ బోల్తా పడితే’ అని చదువుకోవాల అని. పందెం పొద్దుటికి అందరూ సల్లబడతారు."

అక్కడే, సారు సైకిలు సీటు మీద కాగితం పెట్టి, సవరణ రాశాను. ఆయన చూసి తల ఊపి వెళ్ళిపోయాడు. బస్సు వచ్చింది. కాగితం నా చొక్కా జేబులో ఉంది. సవరణ పంపే విలేకరి తన తప్పుకు తానే సాక్ష్యం పంపుతున్నాడని పాత విలేకరి ఒకాయన నాకు చెప్పి ఉన్నాడు. పేరుతో వచ్చిన మొదటి వ్యాసానికే సవరణా? రేపటి బస్సుకు పంపుదామనుకున్నాను. బస్సు వెళ్ళిపోయింది. రేపు కూడా అలాగే గడిచింది. జంట జీపు మాత్రం ఆ వారమంతా బయటికి రాలేదు.

పందెం రోజు గాలి సారు కోరుకున్నట్టే వీచింది. నిరుటి వానల నీళ్ళు ఇంకా మిగిలే ఉన్నాయి. రెండు పడవలూ ఒడ్డున పక్కపక్కన నిలబడి ఉన్నాయి. సారు తెల్లచొక్కా వేసుకుని, మెడలో బడి ఆటల నాటి ఈల వేలాడదీసుకుని, పెళ్ళికొడుకులా ఉన్నాడు. అప్పుడు వచ్చాయి రెండు జీపులు, విడివిడిగా, వెనక జనంతో నిండిన ట్రాక్టర్లతో. మామ పడవ వైపు ఒక్కరూ చూడలేదు. పందెం సంగతి ఎవరికీ పట్టలేదు. నేరుగా సారు పడవ దగ్గరికి వచ్చారు. ఎగువూరు మనిషి ఒకడు, చేతిలో వాళ్ళ పార్టీ గుడ్డ పట్టుకుని, "సార్, మా అన్న పొట్ట యాదో చెప్తే ఇది గట్టుకుంటాం. పైకి లేచేది," అన్నాడు. దిగువూరు మనిషి చేతిలోనూ ఒక గుడ్డ ఉంది. "లేచేది మా అన్నది. పేపరాయనే చెప్పినాడు," అన్నాడు.

సారు నా వైపు చూశాడు. నేను నీళ్ళ వైపు చూశాను.

ఆయన పంతులు కాబట్టి వివరించి చూశాడు. "ఇదో సూడండప్పా, ఇది మనుషుల్ని బట్టి లేచేది గాదు, గాలిని బట్టి లేచేది. పోయేటప్పుడు ఈ పొట్ట లేస్తాది. అవతలి గట్టు కాడ మలుపుకొని వచ్చేటప్పుడు ఆ పొట్ట లేస్తాది. ఇద్దరికీ న్యాయమే."

"ముందు లేచేది యాది సార్?" అన్నాడు ఎగువూరు మనిషి.

"అది తిరిగొచ్చేదాకా ఈడ ఎవురుంటారు సార్?" అన్నాడు దిగువూరు మనిషి, నవ్వుతూ. ఆ నవ్వుకు వెనక ఉన్నవాళ్ళు పంచెలు ఎగగట్టుకున్నారు.

సారు కాసేపు పడవ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తర్వాత కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "మామా, రంపం తెచ్చినావా?"

"తెచ్చినా. యాల?"

"ఆ కొస పట్టు."

మామకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. "వద్దు సారూ. నాలుగేండ్లు..." అన్నాడు.

"పట్టు మామా."

అది ఇద్దరు పట్టే రంపం. ఒక కొస జంట పొట్టలవాడూ, ఇంకో కొస ఒంటి పొట్టవాడూ పట్టుకుని అడ్డదూలాలు రెండూ కోశారు. మామ కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, రంపం పట్టు మాత్రం తప్పలేదు. రెండో దూలం తెగగానే పొట్టలు రెండూ విడివడి, నిలబడలేక, చెరోవైపు ఒరిగి పడ్డాయి. అంత సన్నంగా చెక్కాడాయన. సారు చొక్కా మీది పొట్టు దులుపుకుని, "ఒగొగరు ఒగటి ఎత్తకపోండి. ఇంగ యాదీ లేవదు, యాదీ మునగదు," అన్నాడు. వాళ్ళకు అది న్యాయంగానే తోచింది. చెరో పొట్టా ట్రాక్టర్లలో వేసుకుని, ఈలలు కొట్టుకుంటూ వెళ్ళిపోయారు. ఆ రోజు ఎవరికీ గీత కూడా పడలేదు.

"నీదన్నా దించు మామా, గాలి బాగుంది," అన్నాడు సారు.

"ఒంటిగా పోతే పందెమెట్లయితాది సారూ?" అన్నాడు మామ.

తెరచాప మడత పెట్టడానికి నేను సాయం పట్టాను. చివరి మడత వేస్తూ సారు, "సవరణ పంపినావా?" అని మాత్రం అడిగాడు. కాగితం నా జేబులోనే ఉంది. "పంపాను సార్, వాళ్ళు వెయ్యలేదు," అన్నాను. "పెద్ద పేపరు గదా. చోటుండదు లే," అని ఆయనే నన్ను సముదాయించాడు.

పొత్తు ఎన్నికల దాకా నిలిచింది. ఆ తర్వాత నిలవలేదు. అప్పుడు జరిగినవన్నీ నేనే రాశాను, ‘తిరగబడి’ అన్న మాట సరైన అర్థంలోనే వాడాను. వాటిలో నవ్వుకోవడానికేమీ లేదు కాబట్టి ఇక్కడ చెప్పను. సారు మరో మూడేళ్ళు ఉన్నాడు, ఇంకో పడవ మొదలుపెట్టలేదు. ఆయన పోయినప్పుడు పెట్టె చేసింది బండ్ల మామే. దింపి మట్టి వేశాక నా భుజం పట్టుకుని, "కడాకు ఒంటి పొట్టలోనే పంపిచ్చినా చూడు అల్లుడా. ఈ వాదం నేను గెల్సింది ఇట్లనా?" అన్నాడు. ఇద్దరం నవ్వబోయి ఆగిపోయాం.

ఆ తర్వాత ఎన్నో ఎన్నికలకు ఆ రెండు ఊళ్ళకూ వెళ్ళాను. ఎగువూర్లో ఒక పొట్ట గేదెల కుడితి తొట్టి అయింది. దిగువూర్లో రెండోదీ అంతే. రెండు చోట్లా పెద్దలు పోయి కొడుకుల కాలం వచ్చింది. రెండు చోట్లా అడిగినా, అడగకపోయినా చెబుతారు, "పైకి లేచేది ఇదేనప్పా" అని. అవునని తల ఊపి వస్తుంటాను. మామ పడవ ఆయన కొట్టంలో బోర్లించి ఉంది, కింద కోళ్ళు పడుకుంటాయి. ఒక మంచి మాట కోసం కలం నమిలి ఆకాశం చూసిన ఆ ఇరవై మూడేళ్ళవాడు ఇప్పుడెదురైతే కోప్పడలేను, కాస్త నవ్వు వస్తుంది. పక్కన కూర్చోబెట్టుకుని, ఒరే, లారీ మాటే అయినా అదే రాసెయ్యరా, బస్సు వెళ్ళిపోతోంది అని చెబుతాను. ఆ తర్వాత నేనెన్నో బోల్తాలు రాశాను, ఒక్కదానికీ సవరణ అవసరం రాలేదు. ఒంటి పొట్ట ముందా, జంట పొట్ట ముందా అన్నది మాత్రం మా మైలవరం నీళ్ళ మీద ఇప్పటికీ తేలలేదు.